మట్టి గోరీ, పూలమొక్క

హైదరాబాదు పాతనగరాన్ని గురించి రాయబూనినవారు చార్మినారు దగ్గర మొదలుపెట్టడం ఆనవాయితీ. ఆ చార్మినారుకూ, దానినుంచి నాలుగు దిక్కులకూ సాగిన వీధులకూ రూపురేఖలు దిద్దిన మీర్ మొమిన్ అస్త్రాబాదీ ఎక్కడ నిద్రిస్తున్నాడని అడిగితే మాత్రం తడుముకుంటారు. అతడు మహమ్మద్ కులీ కుతుబ్‌షాకు పేష్వా. ఇరాన్‌నుంచి వచ్చిన పండితుడు. 1591లో పునాదులు పడిన నగరంలో బతికేవారికి వీధులు గీసిన ఆ మనిషే చనిపోయేవారికి కూడా చోటు చూశాడు. ఆ చోటు పేరు దాయిరా మీర్ మొమిన్. 1625లో తానూ అక్కడి మట్టిలోనే కలిశాడు. కర్బలానుంచి మట్టి తెప్పించి ఆ నేలలో కలిపించాడని ప్రతీతి. ఆ ప్రతీతిలోని నిజానిజాలు తేల్చడం నా పని కాదు. శ్మశానం కోసమని దూరదేశంనుంచి అతడు తెప్పించినది మట్టి అని జనం చెప్పుకోవడమే నాకు నచ్చింది.

ఈ వ్యాసం ఆ మట్టిని గురించి, దానిమీద మొలిచే పూలమొక్కను గురించి. ఇంత చిన్న విషయానికి ఒక చరిత్ర వ్యాసమా అని పాఠకులు అనుకోవచ్చు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకునేవాణ్ణి. ఒక మిత్రుని గోరీ విషయంలో జరిగిన సంగతి నా అభిప్రాయాన్ని మార్చింది.

ఆ మిత్రుడు ఛత్తాబజారులో కాతిబు. ఉర్దూ అక్షరాన్ని కలంతో కాగితంమీద నిలబెట్టే పని అతనిది. కంప్యూటరు వచ్చిన తరువాత ఛత్తాబజారు కాతిబులకు పత్రికల పని పోయింది, పెండ్లిపత్రికల పని మిగిలింది. ఆ తరువాత అదీ సన్నగిల్లింది. మా సభలకు ఉర్దూ గోడపత్రికలు అతనే రాసిపెట్టేవాడు. డబ్బు ఇస్తామంటే, "చాయ్ తాగించు భాయ్, హిసాబ్ బరాబర్" అనేవాడు. పాతనగరంలోనే ఒక చిన్న తకియాలో అతణ్ణి పాతిపెట్టాం. తకియా అంటే ఫకీరు కాపురముండే శ్మశానం. గోరీ కచ్చాది. తలవైపు ఒక బండరాయి తప్ప మరేమీ లేదు.

ఆడవారు ఖబరస్తానుకు పోకూడదన్నది వారి ఇంటి కట్టుబాటు. అందుచేత మా భాబీ తన భర్త గోరీని ఎన్నడూ చూడలేదు. ఆమె ఏం చేసిందంటే, ఇంటి మిద్దెమీద పాత నెయ్యి డబ్బాలలో బిళ్ళగన్నేరు, సబ్జా నారు పెంచింది. వానలు పడగానే కొడుకుచేత పంపించింది. వాడు నాటి వచ్చాడు. అప్పటినుంచి మేము తకియాకు వెళ్ళివచ్చినప్పుడల్లా ఆమె అడిగే ప్రశ్న ఒక్కటే: ఏ రంగు పూసింది?

రెండేళ్ళ కిందట వానాకాలం చివర ఒక జుమ్మేరాత్‌నాడు వెళ్ళి చూస్తే తకియా అంతా కాలిపోయినట్టు పసుపురంగు తిరిగి వున్నది. గడ్డిమందు కొట్టించారు. గడ్డి మోకాలెత్తు పెరిగిందనీ, పాములు చేరతాయనీ, కోయించడానికి కూలి ఎక్కువవుతుందనీ నిర్వాహకులు చెప్పారు. అబద్ధం కాదు. కాని వారిలో ఒక పెద్దమనిషి అన్న మాట నాకు గుచ్చుకున్నది. "మొక్కలు మొలిస్తే చూసేవాళ్ళు దిక్కులేని గోరీ అనుకుంటారు సాబ్. పక్కా చేయించండి. ఒకసారి ఖర్చు, మళ్ళీ చూసుకునే పని లేదు" అన్నాడు.

పచ్చగా వున్న గోరీ దిక్కులేని గోరీ అన్నమాట! సిమెంటు కప్పితే దిక్కున్నట్టు. ఈ విలువలు ఎక్కడివి? పాతనగరంలో ఇవి పుట్టినప్పటినుంచీ వున్నాయా? అక్కడినుంచే నా వెతుకులాట మొదలయింది.

మొట్టమొదట మాటనే చూద్దాం. పెద్దల సమాధిని దక్కనులో రౌజా అంటారు. ఆ అరబ్బీ మాటకు అసలు అర్థం తోట. తోటా సమాధీ ఒకే మాటలో ఇమిడిపోయాయి. ఔరంగాబాదు దగ్గరి ఖుల్దాబాదుకు పూర్వం రౌజా అనే పేరు. ఖుల్ద్ అన్నా స్వర్గమే; స్వర్గమంటే ఆ సంప్రదాయంలో నీళ్ళు పారే తోట. 1956 దాకా ఆ ఊరు హైదరాబాదు రాష్ట్రంలోనిదే కాబట్టి పాతనగరపు గోరీల చరిత్రలో దానికి చోటున్నది. చోటు వుండడానికి ఇంకో గట్టి కారణం కూడా వున్నది. 1687లో గోలకొండను పడగొట్టిన ఔరంగజేబు, ఓడి దౌలతాబాదు కోటలో బందీగా ప్రాణం విడిచిన అబుల్‌హసన్ తానాషా, ఇద్దరూ ఆ ఖుల్దాబాదు మట్టిలోనే వున్నారు. తానాషాకు గురువైన షా రాజూ దర్గా మన పాతనగరంలో మిస్రీగంజ్‌లో వున్నది. గురువు ఇక్కడ, శిష్యుడు అక్కడ, శిష్యుణ్ణి ఓడించినవాడు ఆ శిష్యునికి పొరుగున!

ఔరంగజేబు 1707లో చనిపోయాడు. తన గోరీమీద కట్టడం వద్దన్నాడు. తరువాతి కాలంలో నిజాం ప్రభుత్వం చుట్టూ చలువరాతి జాలీ కట్టించింది గాని గోరీపైన మాత్రం మట్టే. ఆ మట్టిలో సబ్జామొక్క పెంచడం అక్కడి ఆచారం. అతని అక్క జహనారా 1681లో చనిపోయింది. ఢిల్లీలో నిజాముద్దీన్ దర్గా ఆవరణలో ఆమె గోరీ వున్నది. చుట్టూ చలువరాయి, నడిమి భాగంలో రాయి లేదు. మట్టి, దానిమీద పచ్చిక. పేదల గోరీకి పచ్చిక చాలునన్న భావం ఆమె శిలాశాసనంలో చెక్కివున్నది. చక్రవర్తి కూతురు తనను పేదరాలిగా చెప్పుకోవడంలోని నటనను గురించి ఎవరైనా నవ్వవచ్చు, నేనూ నవ్వుకున్నాను. అయితే ఆ రోజులలో మట్టీ పచ్చికా కప్పుకోవడం గౌరవహీనం కాదన్న సంగతి దీనివల్ల రుజువవుతున్నది గదా! అధమం, దిక్కులేనితనానికి గుర్తు మాత్రం కాదు.

మతశాస్త్రం ఏమంటున్నదో కూడా చూడాలి. మా పెద్దమనిషి "పాక్ సాఫ్" అనే మాటను శాస్త్రం పేరుతోనే అన్నాడు. హదీసులలో ఒక కథనం వున్నది. ప్రవక్త రెండు గోరీలపక్కగా వెళుతూ పచ్చి ఖర్జూరపు మట్టను రెండుగా చీల్చి ఒక్కొక్కదానిపై ఒక్కొక్క పాయ నాటాడనీ, అవి ఎండేవరకు లోపలివారి బాధ తగ్గవచ్చునన్నాడనీ బుఖారీ సంకలనంలో వున్నది. ఇది ప్రవక్తకు మాత్రమే చెల్లిన విషయమని కొందరు విద్వాంసులు, అందరికీ వర్తిస్తుందని కొందరు వాదించుకున్నారు. ఆ వాదం నేటికీ తెగలేదు. కాని పాతనగరంలో సున్నీలు ఎక్కువగా పాటించే హనఫీ సంప్రదాయంలో ప్రామాణికుడైన డమాస్కస్ పండితుడు ఇబ్నె ఆబిదీన్, 1836లో చనిపోయినవాడు, గోరీమీది పచ్చిమొక్కను పెరకడం తగదనే రాశాడు. పచ్చగా వున్నంతకాలం అది దైవాన్ని కీర్తిస్తూ వుంటుందని అతని హేతువు. ఎండినదాన్ని తీసివేయవచ్చునట. మరోవైపు గోరీలకు గచ్చు చేయడాన్నీ, వాటిమీద కట్టడాలు లేపడాన్నీ నిషేధించే హదీసు కూడా వున్నది. నేను మతశాస్త్రజ్ఞుణ్ణి కాను. మతంమీద ఆధారపడి ఏ సమస్యనూ తేల్చబోను. అయినా పచ్చదనాన్ని చంపి సిమెంటు పోయడానికి శాస్త్రాన్ని సాక్ష్యం పిలిచినప్పుడు, ఆ సాక్షి ఏం చెబుతున్నాడో వినడం మన బాధ్యత.

మరి రాయి ఎక్కడినుంచి వచ్చింది? అధికారంనుంచి వచ్చింది. గోలకొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాలు చూడండి. అయితే అక్కడ కూడా రాయి ఒంటరిగా లేదు, చుట్టూ తోటలున్నాయి. 17వ శతాబ్ది నడుమ వచ్చిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియర్, ఈ నగరంలో మిద్దెలపైన కూడా పెద్ద పెద్ద చెట్లతో తోటలుండడం చూసి, కింది కమానులు ఆ బరువు ఎలా మోస్తున్నాయని ఆశ్చర్యపోయాడు. రాజుల సమాధుల దగ్గర ప్రతి సాయంకాలం వచ్చిన బీదలందరికీ రొట్టె, పలావు పెట్టేవారని కూడా అతడే రాశాడు. రాజుల దానగుణానికి నేను మురిసిపోవడం లేదు. ఆ పలావు బియ్యం ఏ రైతు పొలంలోనివో అతడు రాయలేదు. కాని ఒక మాట గుర్తుంచుకోవాలి. ఆనాటి సమాధితోట చనిపోయినవాని సొంత ఆస్తిగా తలుపు మూసుకొని లేదు, ఆకలిగొన్నవారు లోపలికి వచ్చే చోటుగా వుండేది. 1687 తరువాత ఆ తోటలు పాడుపడ్డాయి. 19వ శతాబ్దిలో దివాను మొదటి సాలార్‌జంగ్ ప్రహరీ కట్టించి, తోట వేయించి మళ్ళీ ఒక రూపుకు తెచ్చాడు. 1883లో అతడూ చనిపోయాడు. తన కుటుంబంవారితోపాటు అతడూ దాయిరా మీర్ మొమిన్‌లోనే వున్నాడు. 1949లో చనిపోయిన మూడవ సాలార్‌జంగ్, మ్యూజియంవల్ల అందరికీ తెలిసినవాడు, అతడూ అక్కడివాడే.

అసఫ్‌జాహీల కాలానికి వచ్చేసరికి రాయి తోటను మింగేసింది. 1803లో చనిపోయిన నిజాం అలీఖాన్ మొదలు 1911లో చనిపోయిన మహబూబ్ అలీఖాన్ దాకా నిజాములు మక్కామసీదు ఆవరణలో వరుసగా చలువరాతి గోరీలలో వున్నారు. పైన కప్పు, కింద రాయి. ఎండా వానా తగలవు, గడ్డిపోచ మొలవదు. సంతోష్‌నగర్ దగ్గర పీసల్‌బండలోని పాయిగాల సమాధులు ఇంకా చిత్రమైనవి. 18వ శతాబ్ది చివరినుంచి కట్టుకుంటూ వచ్చిన ఆ గోడలనిండా సున్నపుగచ్చుతో పోసిన పూలు, తీగలు, పండ్లు, కలశాలు. జాలీల పనితనం చూస్తుంటే చెయ్యెత్తి దండం పెట్టాలనిపిస్తుంది; ఆ దండం నవాబులకు కాదు, సున్నం నూరి, నునుపు చేసి, రేకు రేకుగా పూవును తీర్చిన మేస్త్రీలకు. వారి గోరీలు ఎక్కడున్నాయో ఏ పుస్తకంలోనూ లేదు. ఏ తకియాలోనో మట్టిలో కలిసి, వానలకు పూలు పూసి, మళ్ళీ మట్టి అయివుంటారు.

జాషువా 'శ్మశానవాటి' పద్యాలను హరిశ్చంద్ర నాటకంలో వీరబాహుని వాకిట నటులు పాడగా తెలుగుదేశంలో వినని పల్లె లేదు. రాజునూ పేదనూ మృత్యువు ఒక్కటి చేస్తుందన్న ఆ భావం మన గుండెలలో నిలిచిపోయింది. నిజమే. కాని నేను పాతనగరపు శ్మశానాలలో తిరిగిన తరువాత అనుకున్నదేమంటే, ఆ సమత్వం మూడడుగుల లోతున వున్నది గాని పైన లేదు. పైన ఇంకా నవాబు నవాబే, కాతిబు కాతిబే. మట్టిగోరీ ఒక్కటే లోపలి సంగతిని పైకి చెప్పగలిగేది. అది కొన్నేళ్ళకు కుంగుతుంది, మట్టమవుతుంది. ఆ తరువాత అదే చోట మరొకరికి జాగా ఇస్తుంది. పాత తకియాలలో ఇదే పద్ధతి. ఒకే మట్టిలో తాతలూ మనుమలూ, పరాయివారూ కూడా. సిమెంటు గోరీ అలా కాదు. అది ఒకసారి లేచిందంటే కదలదు. నాలుగడుగుల వెడల్పు, ఏడడుగుల పొడుగు నేల శాశ్వతంగా ఒక్కరి సొంతమైపోతుంది. నేడు పాతనగరంలో చనిపోయిన పేదవానికి జాగా దొరకడం ఎంత కష్టమో మోసుకుపోయినవారికి తెలుసు. ఆక్రమణదారులు అంచులనుంచి తింటున్నారు, సిమెంటు నడుమనుంచి తింటున్నది. వెనుకటి నవాబుకు మాత్రమే చేతనైన పని సిమెంటు బస్తా చవకై అందరికీ చేతనయింది. దానినే మనం అభివృద్ధి అనుకుంటున్నాం.

ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణ వస్తుంది. మట్టిగోరీ ఆనవాలు తెలియకుండా పోతుంది గదా, గడ్డి పెరుగుతుంది గదా, ఎవరు కోస్తారు? దీనికి జవాబు మా భాబీ నెయ్యి డబ్బాలలోనే వున్నది. అందుకు మొక్కలను గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

గోరీమీద ఏ మొక్కైనా మంచిదే అనడం తెలివితక్కువతనం. రావి, మర్రి పగుళ్ళలో మొలిస్తే గుమ్మటాలనే చీల్చివేస్తాయి. వాటిని పసికూనలుగా వున్నప్పుడే తీసివేయాలి. పచ్చిక పరుపులు వేయడం మరో వెర్రి. రోజూ నీళ్ళు, వారం వారం కోత, పైగా తుమ్మెదకు ఒక్క చుక్క తేనె వుండదు. మన దక్కను నేలకు, మన ఎండకు తట్టుకొని, ఒకసారి నాటితే తమ విత్తనం తామే రాల్చుకొని, నేలను కప్పి, గడ్డిని లేవనీయని మొక్కలు కావాలి. అవి వెతకనక్కరలేదు. మన పెద్దలు గోరీలమీద నాటినవన్నీ దాదాపు అలాంటివే. కలబందను చూడండి, అరబ్బీలో దాని పేరూ, ఓర్పు పేరూ ఒకటే: సబ్ర్. నీళ్ళు లేకపోయినా ఏళ్ళ తరబడి బతుకుతుంది. సబ్జా, మన రుద్రజడ, పూత పట్టిందంటే తేనెటీగలు వదలవు. దర్గాలలో కనిపించే దేవగన్నేరు అమెరికా ఉష్ణప్రాంతాలనుంచి వచ్చిన చెట్టు. కొమ్మ విరిచి గుచ్చితే నాటుకుంటుంది, వేసవిలో ఆకు రాల్చి నీటి ఖర్చు తానే తగ్గించుకుంటుంది.

బిళ్ళగన్నేరు సంగతి వేరే చెప్పాలి. ఉర్దూలో దాని పేరు సదాబహార్, అంటే ఎల్లప్పుడూ వసంతమే. పుట్టిల్లు మడగాస్కర్ దీవి. ఆకు చేదు, విషం, మేకలు ముట్టవు. కంచె లేని తకియాలో ఇది ఎంత గొప్ప గుణమో వేరే చెప్పనక్కరలేదు. రాతిసందులో కూడా మొలుస్తుంది. గింజ రాలి, ఏటేటా గోరీ అంచుల దాకా తానే పరచుకుంటుంది. ఆ పూల చతురస్రమే గోరీకి ఆనవాలు. దీనికి చుట్టమైన ఐరోపా పూవును ఇటలీలో చనిపోయిన పసిపిల్లలకు దండగా చుట్టేవారట, అందుచేత ఆ పూవును చావుపూవు అనేవారట. 1958లో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే పరిశోధకులు బిళ్ళగన్నేరు ఆకులోనుంచే విన్‌బ్లాస్టిన్ అనే మందును వేరుచేశారు. ఆ తరువాత అదే మొక్కనుంచి వచ్చిన విన్‌క్రిస్టిన్ పసిపిల్లల రక్తపు క్యాన్సరుకు నేటికీ వాడుతున్న మందు. చావుపూవుకు చుట్టమైనది పిల్లలను బతికిస్తున్నది. ఇలాంటి మొక్కను కలుపు అని మందుకొట్టి చంపాం.

ఇక ఎవరూ నాటకుండా మొలిచేవి వున్నాయి. నేను గౌలీపురలో పెరిగాను గాని పుట్టింది పల్లెలో. మా ఊరి బొందలగడ్డ మీద వానలు వెనుదిరిగే రోజులలో తంగేడు పచ్చగా, గునుగు తెల్లగా విరగబూసేవి. మేము కోయబోతే, "బొందలగడ్డ పూలు ఇంటికి తేవద్దు బిడ్డా" అని మా అమ్మ కసిరేది. కాని ఆ పూలే పక్కచెలకలో పూస్తే బతుకమ్మకు ఎక్కేవి. మొదటిరోజు ఎంగిలిపూల బతుకమ్మ వచ్చేది పెత్రమాసనాడే, అంటే చనిపోయిన పెద్దలకు బియ్యం ఇచ్చే అమాస నాడే. చనిపోయినవారి రోజు, పూల పండుగ మొదలయ్యే రోజు ఒకటే కావడంలో మన జానపదుల ఆలోచన ఏదో దాగివున్నదని నా నమ్మకం, పరిశోధకులు తేల్చాలి. తంగేడు చెక్కను లందలో వేసి తోలు పదును చేసిన మాదిగల శ్రమను కూడా ఇక్కడ తలచుకోవాలి. ఆ తంగేడునే తెలంగాణ ఏర్పడిన 2014లో రాష్ట్ర పుష్పం చేశారు. లందను మాత్రం ఎవరూ తలచుకోలేదు.

తంగేడుపూవు తన పుప్పొడిని ఊరికే ఇవ్వదు. నల్లతుమ్మెద వచ్చి పూవును పట్టుకొని రెక్కలు అదిరేలా ఝుమ్మంటే ఆ కదలికకు పుప్పొడి రాలుతుంది. పసుపు, తెలుపు వలస సీతాకోకచిలుకలు దాని ఆకులమీదనే గుడ్లు పెడతాయి. జిల్లేడాకు తిని పెరిగే సీతాకోకచిలుకలు వేరు. ఇళ్ళు ఒకదానినొకటి ఒరుసుకొని, వాకిళ్ళు కూడా గచ్చు చేసిన పాతనగరంలో ఈ ప్రాణులకు మిగిలిన నేల ఎక్కడున్నది? మసీదు ఆవరణలు రాతిపలకలు, బడులు సిమెంటు. శ్మశానాలే మిగిలాయి. జీవవైవిధ్యం అనే పెద్దమాట అడవులకు మాత్రమే వర్తిస్తుందనుకుంటాం; ఒక తకియాలోని అరెకరం మట్టికి కూడా అది వర్తిస్తుంది. 2020 అక్టోబరు 13, 14 తేదీల కుంభవృష్టిలో పాతనగరపు బస్తీలు మునిగాయి, ఆ వారంలోనే గుర్రంచెరువు తెగి ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. వాననీటిని తాగే నేలను ఒక్కొక్క గజమే మనం ఎలా మూసివేస్తూ వచ్చామో ఆ రోజులలో చూశాను. గోరీలు మునిగాయని బాధపడినవారు, నీళ్ళు ఇంకే చోటు తామే మూసిన సంగతి తలచుకోలేదు.

ఈ సమస్య మనకొక్కరికే వచ్చింది కాదు. ఫ్రాన్సులో పురపాలక సంఘాలు బహిరంగ తోటలలో రసాయన కలుపుమందులు వాడరాదని 2017లో చట్టం అమలులోకి వచ్చింది. శ్మశానాలకు అప్పుడు మినహాయింపు దొరికింది. 2022 జూలై 1నుంచి ఆ మినహాయింపు కూడా పోయింది. చాలా ఊళ్ళు కంకరదారులలో గడ్డి విత్తాయి, గోరీల నడుమ నేలను కప్పే పూలమొక్కలు నాటాయి. మొదట ప్రజలు గొడవపెట్టారు. వారి ఫిర్యాదు ఏమిటనుకున్నారు? శ్మశానాన్ని దిక్కులేనిదిగా వదిలేశారని! మా తకియా పెద్దమనిషి మాటే ఫ్రెంచిభాషలో. అక్కడివారు ఓపికగా, ఇది నిర్లక్ష్యం కాదు, చేసిన పనే అని చెబుతూ వస్తున్నారు. నాటినదానికీ, తానై మొలిచినదానికీ తేడా చూపడానికి ఒక అంచు చాలు. దారిపక్కన రెండు బారల మేర గడ్డి కోసి శుభ్రంగా వుంచితే, లోపలి పచ్చదనం కావాలని పెంచినదని చూసేవారికి అర్థమవుతుంది.

ఇంతకూ కోసేదెవరు? తకియాదారు. మా తకియాదారు ముసలివాడు. అతని తాత కూడా అక్కడే గోరీలు తవ్వాడు. వానాకాలంలో నాలుగుసార్లు కొడవలి పట్టాలి. గడ్డిమందు కొట్టినప్పుడు ముఖానికి గుడ్డ తప్ప మరేమీ లేదని, రెండురోజులు కళ్ళు మండాయని చెప్పాడు. నాలుగేళ్ళు గడిస్తే బిళ్ళగన్నేరు, సబ్జా, కలబంద పరచుకున్న మూల కొడవలి పని ఒక్కసారికి వచ్చిందని కూడా అతడే చెప్పాడు. మందు కొట్టకముందటి లెక్క అది. ఆ లెక్కను నిర్వాహకులు అతణ్ణి అడగలేదు. నేలను చేతులతో ఎరిగినవాణ్ణి అడగకుండానే నేలను గురించి నిర్ణయాలు చేయడం మన దేశంలో పొలాలకు పట్టిన జబ్బే, శ్మశానాలకూ పట్టింది.

ఇక మన సంగతి కూడా చెప్పుకోవాలి. మూసీ దాటి నాంపల్లిలో షా ఖామోష్ దర్గా ఖబరస్తానులో మఖ్దూం మొహియుద్దీన్ వున్నాడు. 1969 ఆగస్టు 25న చనిపోయాడు. 1961లో వచ్చిన అతని కవితాసంపుటి పేరు 'గులే తర్', అంటే తడి ఆరని పూవు. ఆ పేరు పెట్టిన కవి దగ్గరికి నేను ఎన్నోసార్లు పోయాను. పోయినప్పుడల్లా కొన్న దండలే తీసుకుపోయాను. సాయంత్రానికి అవి వాడి, మర్నాటికి చెత్తకుప్పకు చేరతాయి. ఏ రైతుకూలీయో తెల్లవారుజామున కోసిన పూలు, దళారి చేతిలో ధర పెరిగి, ఒక్కపూట మా భక్తికి పనికివచ్చి పోతాయి. అన్ని ఏళ్ళలో ఒక్క మొక్క నాటాలని నాకు తోచలేదు. వ్యాసం పొడుగునా ఇతరులను తప్పుపట్టిన చేత్తోనే ఇది కూడా రాయక తప్పదు.

ఆ రోజు తకియానుంచి తిరిగివచ్చాక భాబీ అడిగింది, ఏ రంగు పూసిందని. కొడుకు నావైపు చూశాడు. నేను తెలుపు అన్నాను. చలికాలమంతా, వేసవి అంతా అదే అబద్ధం చెబుతూ వచ్చాం. సిమెంటు చేయిస్తామని చెబుదామా అని కూడా ఒకసారి అనుకున్నాం. డబ్బు పోగుచేయడానికి మిత్రులు సిద్ధంగానే వున్నారు. కుర్రవాడు ఒప్పుకోలేదు. "అమ్మీకి చెప్పడానికి ఏముంటుంది అప్పుడు?" అన్నాడు.

గడ్డిమందు ఆకును చంపుతుంది గాని నేలలో దాగిన గింజను చంపలేకపోయింది. పోయిన ఆషాఢంలో మొదటి వానలు పడిన పదిహేనురోజులకు వెళ్ళాం. తలరాయి చుట్టూ రెండాకుల మొలకలు. తకియాదారు వాటి చుట్టూ నాలుగు ఇటుకలు పేర్చి వుంచాడు, మళ్ళీ ఎవరైనా మందు తెస్తే చూపించడానికట. శ్రావణం నాటికి పూశాయి. ఇంటికి పోగానే భాబీ యథాప్రకారం అడిగింది. తెలుపు, నడుమ ఎర్రచుక్క అన్నాను. ఎర్రచుక్క మాట ఇదివరకు నేను ఎన్నడూ చెప్పలేదు. ఆమె కాసేపు నావైపు చూసి, లోపలికి పోయి, మరో రెండు డబ్బాలు కడగడం మొదలుపెట్టింది.